దారీన్ ముత్యాలు, మా నాయన నోటు

నేను అల్ ఖోబర్ నుంచి మాట్లాడుతున్నాను. సౌదీ అరేబియాకి తూర్పున, బహ్రెయిన్‌కి ఎదురుగా ఉండే ఊరు ఇది. రేడియో మిత్రులు ఫోన్ చేసి, "మీరు అక్కడికి వెళ్ళి ముప్పయ్యేళ్ళు దాటింది కదా, ఆ దేశం చరిత్ర మీద కాసేపు మాట్లాడండి" అన్నారు. నేను చరిత్ర చదువుకున్నవాణ్ణి కాదండీ. పెద్ద భవనాలకి ఏసీలు బిగించే పని నాది. అందుకని రాజులూ యుద్ధాలూ వదిలేసి ఒక చేపల పల్లె గురించి చెబుతాను. ఆ కథలో మన హైదరాబాద్ ఉంది. మా నాయన రాసిచ్చిన ఒక ప్రామిసరీ నోటు కూడా ఉంది.

ముందు ఆ పల్లెకి ఎందుకు వెళ్ళామో చెప్పాలి. మా అమ్మాయి ఇక్కడే పుట్టింది, దమ్మాంలో ఇండియన్ స్కూల్లో చదువుకుంది. ఇప్పుడు డాలస్‌లో కాపురం. మా అల్లుడికి కొండలెక్కే పిచ్చి. ఆ పిచ్చితోనే వాళ్ళు మొన్న చలికాలం గ్రీసులో కాలిమ్నోస్ అనే దీవికి వెళ్ళి, తిరుగు ప్రయాణంలో మా దగ్గర దిగారు. 2019 సెప్టెంబరు దాకా ఈ దేశానికి అందరికీ దొరికే టూరిస్టు వీసా లేదు. ఇక్కడ పుట్టి పెరిగిన పిల్లలు కూడా ఒకసారి బయటికి వెళ్ళిపోతే మళ్ళీ వచ్చి చూడటం గగనంగా ఉండేది. ఇప్పుడు ఇంట్లో కూర్చుని కంప్యూటర్‌లోనే వీసా తెచ్చుకుంటున్నారు.

వచ్చిన రోజు రాత్రి ఆ దీవి ఫోటోలు చూపించింది. నీలం తలుపుల ఇళ్ళు, రేవులో రంగుల పడవలు, ఎండలో ఆరేసిన వలలు. కాలిమ్నోస్ మగవాళ్ళు తరతరాలుగా సముద్రం అడుగుకి దిగి స్పాంజీలు కోసుకొచ్చేవాళ్ళట. ఫోటోలన్నీ అయ్యాక అంది: "నాన్నా, నేను పద్దెనిమిదేళ్ళు ఇక్కడ పెరిగాను. నాకు తెలిసిన సముద్రం కార్నిష్ మీద ఐస్‌క్రీమ్ తిన్న సముద్రమే. ఇక్కడ ఇలాంటి పాత ఊరు ఒక్కటీ లేదా?"

ఉంది బిడ్డా అన్నాను. చెబుతున్నప్పుడే సిగ్గేసింది. ముప్పావుగంట దూరంలో ఉన్న ఊరికి నేను అప్పటికి రెండే రెండుసార్లు వెళ్ళాను, రెండుసార్లూ రొయ్యల కోసమే.

ఆ ఊరి పేరు దారీన్. ఖతీఫ్ పట్టణానికి ఎదురుగా తారూత్ అనే దీవి ఉంది. ఇప్పుడు రోడ్డు వేసి కలిపేశారు కాబట్టి దీవిలోకి వచ్చామని తెలియదు. దారికి రెండు పక్కలా ఖర్జూరం తోటలు, తీరం వెంట మడ చెట్లు. మన కోరింగ మడ అడవి గుర్తొస్తుంది కానీ ఇక్కడి చెట్లు పొట్టివి. దీవి మధ్యలో ఒక దిబ్బ, దాని మీద చిన్న కోట. పదహారో శతాబ్దంలో పోర్చుగీసువాళ్ళు కట్టారనో, బాగు చేయించారనో అంటారు. ఆ దిబ్బ మాత్రం కోట కన్నా ఎన్నో వేల ఏళ్ళు పాతది. ఈ దీవిలోనే నాలుగున్నర వేల ఏళ్ళ నాటి సున్నపురాతి మనిషి బొమ్మ దొరికింది. గుండెల మీద చేతులు కట్టుకుని, ఎవరి ఎదుటో వినయంగా నిలబడ్డట్టు ఉంటాడు. రియాద్‌లో నేషనల్ మ్యూజియంలో ఉంది, అటు వెళ్ళినవాళ్ళు తప్పకుండా చూడండి.

కోట దగ్గర్నుంచి దక్షిణం వైపు వెళితే దారీన్. ఇప్పుడు చూడబోతే మామూలు పేట. సిమెంటు ఇళ్ళు, మసీదు, కిరాణా కొట్టు, చివర్న చేపల రేవు. రేవులో గంపలు బోర్లించినట్టుండే ఇనప తీగ బుట్టలు గుట్టలు గుట్టలుగా పేర్చి ఉంటాయి. వాటిని గర్‌గూర్ అంటారు. ఎర పెట్టి సముద్రం అడుగుకి దింపితే చేప లోపలికి వెళుతుంది, బయటికి రాలేదు. మా మనవడు ఒక బుట్టలో తలదూర్చి వాళ్ళమ్మ చేత నాలుగు తిట్లు తిన్నాడు.

నూట యాభై ఏళ్ళు వెనక్కి వెళితే మాత్రం దారీన్ పేరు బొంబాయి బజారులో పలికేది. అంతకన్నా బాగా వెనక్కి వెళితే ఇంకా పెద్ద పేరు. ఇస్లాం రాకముందూ, వచ్చిన కొత్తలోనూ మన దేశం నుంచి ఓడల మీద వచ్చే కస్తూరి ఇక్కడ దిగేది. పాత అరబ్బీ కవులు దారీన్ కస్తూరి అని ప్రత్యేకంగా చెప్పుకునేవారు. అరబ్బీలో అత్తరు వర్తకుణ్ణి 'దారీ' అనడం కూడా ఈ ఊరి పేరు మీద వచ్చిందే. క్రీ.శ. 676లో తూర్పు క్రైస్తవ సంఘం పెద్దలు ఈ ఊళ్ళో సభ కూడా జరుపుకున్నారు. వాళ్ళు చేసిన కట్టుబాట్లు సిరియాక్ భాషలో రాసినవి ఇప్పటికీ మిగిలి ఉన్నాయి. రొయ్యల కోసం వచ్చిపోయే నాలాంటివాడికి ఇవన్నీ ఎవరు చెబుతారు?

అయితే నేను చెప్పదలుచుకున్నది కస్తూరి కథ కాదు, ముత్యాల కథ.

గల్ఫ్ నీళ్ళు లోతు తక్కువ, వేడి ఎక్కువ, ఉప్పు ఎక్కువ. ముత్యపు చిప్పలకి ఇది పుట్టిల్లు. మనవాళ్ళు స్వాతి కార్తెలో పడిన వాన చినుకు చిప్ప నోట్లో పడితే ముత్యం అవుతుందంటారు కదా, ఇక్కడి పాతకాలం వాళ్ళలోనూ అలాంటి నమ్మకమే ఉండేది. అసలు సంగతి ఏమిటంటే, చిప్పలోకి ఏదైనా పురుగో నలుసో చేరితే ఆ జీవి దాని బాధ తట్టుకోలేక చుట్టూ పొరలు పొరలుగా మెరుపు పూసుకుంటుంది. అదే ముత్యం. వెయ్యి చిప్పలు తెరిస్తే మంచి ముత్యం ఒక్కటి దొరికినా అదృష్టమే.

జూన్‌లో పడవలు బయల్దేరేవి, సెప్టెంబరు చివరిదాకా తిరిగొచ్చేవి కావు. ఇక్కడ జూన్ ఎండ ఎలా ఉంటుందో గల్ఫ్‌లో ఉన్న శ్రోతలకి నేను వేరే చెప్పక్కర్లేదు. పడవ పెద్దని నోఖదా అంటారు. పారశీకం మాట. అందులో ముందుముక్క మన 'నావ'కి చుట్టమే. నీళ్ళలోకి దిగేవాడు గైస్. పైన తాడు పట్టుకుని వాణ్ణి లాగేవాడు సైబ్. అలుపు తెలియకుండా పాటలు పాడటానికి ప్రత్యేకంగా ఒక మనిషి ఉండేవాడు, అతను నహ్హామ్. పదేళ్ళ పిల్లలు కూడా కాఫీ కాయడానికీ చిల్లర పనులకీ పడవెక్కేవాళ్ళు.

దిగేవాడు ముక్కుకి ఎముకతో చేసిన చిన్న పట్టీ బిగించుకుంటాడు. వేళ్ళకి తోలు తొడుగులు. మెడలో చిప్పలు వేసుకునే బుట్ట. కాలికి రాయి కట్టిన తాడు, ఆ బరువు మీద సర్రున అడుగుకి వెళతాడు. పది మీటర్లు, పదిహేను, ఒక్కోచోట అంతకన్నా ఎక్కువ. ఒక నిమిషమో, నిమిషంన్నరో అడుగున దొరికినన్ని చిప్పలు కోసి తాడు కదిపితే పైవాడు లాగుతాడు. రోజుకి యాభైసార్లు అలా దిగినవాళ్ళున్నారు. కడుపు నిండితే ఊపిరి నిలవదని పగలంతా నాలుగు ఖర్జూరాలూ కాస్త కాఫీ. అన్నం, చేప రాత్రికే. నాలుగు నెలలు ఒంటి మీద ఉప్పు ఆరేది కాదు. చెవులు పోయేవి, కళ్ళు పోయేవి, ఒళ్ళంతా పుళ్ళు.

తాడు పట్టినవాడు పరధ్యానంగా ఉంటే కిందవాడి ప్రాణం అంతే. ఆ మాట నేను చెబుతుంటే మా అల్లుడు తల ఊపాడు. కొండ ఎక్కేటప్పుడు కింద తాడు పట్టేవాళ్ళ గురించీ ఇదే అంటారట.

ఆ పడవల టేకు మలబారు నుంచి వచ్చేది. కొబ్బరి పీచు తాళ్ళూ అక్కణ్ణుంచే. రాత్రి తినే బియ్యం మన దేశానివి. ఈ తీరంలో చేతులు మారే డబ్బుల్లో రూపాయే ముఖ్యం. 1959లో మన రిజర్వు బ్యాంకు గల్ఫ్ కోసం వేరే రూపాయి నోట్లు అచ్చేసిందంటే చూడండి, బహ్రెయిన్‌లో 1965 దాకా అవే నడిచాయి.

1908లో లోరిమర్ అనే ఐసీఎస్ అధికారి రాసిన గల్ఫ్ గెజిటీరు ఉంది. ఈ ప్రాంతం మీద ఇండియా ప్రభుత్వం రాయించిన పెద్ద గ్రంథం. అప్పట్లో అది రహస్యం, ఇప్పుడు ఖతార్ డిజిటల్ లైబ్రరీలో ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. ఆయన లెక్క ప్రకారం గల్ఫ్ మొత్తం మీద ముత్యాల పడవలు 4,500 పైచిలుకు, వాటి మీద మనుషులు దాదాపు 74,000. ఒక్క బహ్రెయిన్‌కే 917 పడవలు. ఖతీఫ్, తారూత్, దారీన్ పల్లెలు కూడా ఆ లెక్కలోవే.

మరి ఆ ముత్యాలు ఎక్కడికి పోయేవి? పడవల దగ్గరికే చిన్న వర్తకులు వచ్చి కొనేవాళ్ళు. వాళ్ళని తవ్వాష్ అంటారు. వాళ్ళ దగ్గర్నుంచి బహ్రెయిన్‌లో పెద్ద వర్తకులకి, అక్కడి నుంచి బొంబాయికి. బొంబాయిలో ఏరి, సైజు కట్టి, బెజ్జం వేసి కొన్ని పారిస్‌కి, లండన్‌కి. కొన్ని మన రాజులకి, నవాబులకి. అలా హైదరాబాద్ చేరినవాటినే మనం బస్రా ముత్యాలన్నాం. బస్రా ఇరాక్‌లో ఓడరేవు. ముత్యం పుట్టింది ఈ నీళ్ళల్లో, పేరు మాత్రం ఆ రేవుకి దక్కింది. నిజాం నగల్లో సత్‌లడా అని ఏడు పేటల బస్రా ముత్యాల హారం ఉంది. 1995లో భారత ప్రభుత్వం 218 కోట్లు పెట్టి నిజాం ట్రస్టుల దగ్గర కొన్న 173 నగల్లో అదొకటి. ఇప్పుడు రిజర్వు బ్యాంకు ఖజానాలో ఉంటుంది. 2001లోనూ 2006లోనూ సాలార్జంగ్ మ్యూజియంలో ప్రదర్శన పెట్టినప్పుడు జనం బారులు తీరారు. ఆ ఏడు పేటల్లో దారీన్ ముత్యం ఉందా లేదా ఎవరూ చెప్పలేరు, ముత్యం మీద ఊరి పేరు ఉండదు కదా. గల్ఫ్ ముత్యాలన్నీ బొంబాయి జల్లెడలో కలిసిపోయినవే.

ముత్యాలకి బెజ్జం వేయడం మామూలు విద్య కాదు. హైదరాబాద్ దగ్గర చందన్‌పేట అనే ఊళ్ళో ఇంటింటా ఆ పని చేసేవాళ్ళు. చార్మినార్ పక్కన పత్తర్‌గట్టి దుకాణాలకి పేరొచ్చింది అలాంటి చేతుల వల్లే. భద్రాద్రి రామయ్య కల్యాణానికి ముత్యాల తలంబ్రాలు ప్రభుత్వం తరఫున పంపడం తానీషా నాటి నుంచి వస్తున్న ఆనవాయితీ అంటారు. హైదరాబాద్‌లో సముద్రం లేదు, ముత్యపు చిప్పా లేదు. అయినా ముత్యాల నగరం అయింది. అన్నట్టు, గల్ఫ్ తెలుగువాళ్ళు వారం వారం సరుకులు తెచ్చుకునే లులు ఉంది కదా, లూలూ అంటే అరబ్బీలో ముత్యాలే. పెద్ద ముత్యాన్ని ఇక్కడ 'దానా' అంటారు, గింజ అని అర్థం. మన పశువుల దాణా కూడా ఆ మాటే. ఇది విని మా మనవడు చాలాసేపు నవ్వాడు.

దారీన్‌లో ఒక పెద్ద ముత్యాల వర్తకుడి కోట ఉండేది. ముహమ్మద్ బిన్ అబ్దుల్ వహాబ్ అల్ ఫైహానీ ఆయన పేరు. పంతొమ్మిదో శతాబ్దం చివర్న సముద్రం ఒడ్డునే కట్టించుకున్నాడు. మేం చూసింది శిథిలాలే. 2023లో ఈ దీవినీ దారీన్‌నీ బాగు చేయడానికి ప్రభుత్వం పెద్ద పథకం ప్రకటించింది కాబట్టి రేపు మీరు వెళ్ళేసరికి వేరేగా ఉండొచ్చు.

ఈ ఊళ్ళోనే 1915 డిసెంబరు 26న ఇప్పటి సౌదీ రాజ్యాన్ని స్థాపించిన అబ్దుల్ అజీజ్ ఇబ్న్ సౌద్, బ్రిటిష్ తరఫున పర్సీ కాక్స్ ఒప్పందం చేసుకున్నారు. దారీన్ ఒప్పందం అని చరిత్ర పుస్తకాల్లో ఉంటుంది. దాన్ని ఖరారు చేస్తూ సంతకం పెట్టింది లండన్‌లో ఎవరో కాదు, మన సిమ్లాలో వైస్రాయి చెమ్స్‌ఫర్డ్, 1916 జులైలో. అప్పట్లో గల్ఫ్ వ్యవహారాలన్నీ ఇండియా ప్రభుత్వం చేతిలోనివే. 1927లో జెద్దా ఒప్పందం వచ్చి ఇది రద్దయింది.

1917లో న్యూయార్క్‌లో ఒక ధనవంతుడి భార్య రెండు పేటల ముత్యాల హారం మీద మనసుపడింది. కార్తియే నగల కంపెనీ ఆ హారం విలువ పది లక్షల డాలర్లని కట్టింది. ఆయన హారం తీసుకుని ఫిఫ్త్ ఎవెన్యూ మీద ఉన్న తన భవనాన్ని కంపెనీకి రాసిచ్చాడు, పైన ఒక వంద డాలర్లు. ఆ భవనంలో ఇప్పటికీ కార్తియే దుకాణమే ఉంది. న్యూయార్క్‌లో ఉన్న శ్రోతలు అటు వెళ్ళినప్పుడు ఒకసారి తలెత్తి చూడండి. 1957లో అదే హారం వేలానికి వస్తే 1,51,000 డాలర్లు పలికింది.

ఆ నలభై ఏళ్ళలో జరిగిందేమిటంటే జపాన్. మికిమోతో 1893లో చిప్పలో నలుసు తనే పెట్టి ముత్యం పండించాడు. 1920లు వచ్చేసరికి గుండ్రటి పెంపకం ముత్యాలు బజారు నిండా వచ్చేశాయి. దానికి తోడు 1925లో ఒక రాత్రి గాలివాన ముత్యాల పడవల మీద విరుచుకుపడి వందల పడవలు ముంచేసింది. ఈ తీరం వాళ్ళు దాన్ని 'మునిగిన ఏడాది' అని లెక్క పెట్టుకునేవాళ్ళు, మన దివిసీమ వాళ్ళు 1977 ఉప్పెన చెప్పుకున్నట్టు. 1929లో ప్రపంచమంతా డబ్బు కరువు. ఇంక ముత్యాలు ఎవడు కొంటాడు? పడవలు ఒడ్డున ఎండిపోయాయి.

1933 సెప్టెంబరు 23న ఇద్దరు అమెరికన్ జియాలజిస్టులు ఇక్కడికి ఉత్తరాన ఉన్న జుబైల్ రేవులో దిగారు. అదీ చేపల పల్లే, ముత్యాల పల్లే. 1938 మార్చిలో దమ్మాం ఏడో నంబరు బావిలో చమురు పడింది. 1939 మే 1న రాస్ తనూరా నుంచి మొదటి ఓడ చమురుతో బయల్దేరింది. ముత్యాల కోసం మునిగిన మనుషులే వెళ్ళి పైపులు మోశారు. సముద్రం అడుగుకి దిగి వచ్చినవాడికి నేల మీద ఎండ పెద్ద లెక్క కాదేమో.

ఇక్కడికి చరిత్ర అయిపోయిందనుకుని నేను పుస్తకం మూసేసేవాణ్ణే. కానీ ఒక సంగతి నన్ను వదల్లేదు. ఇంత సంపద తీసినవాళ్ళకి మిగిలిందేమిటి?

జీతం లేదు, వాటా. సీజను అయ్యాక అమ్మిన డబ్బులో ఖర్చులు తీసేసి పంచేవాళ్ళు. మామూలుగా దిగేవాడికి మూడు వాటాలు, తాడు లాగేవాడికి రెండు, కుర్రాడికి ఒకటి. వినడానికి బాగానే ఉంది. కానీ ఇంట్లో పిల్లలు నాలుగు నెలలు ఏం తినాలి? అందుకని బయల్దేరే ముందే నోఖదా దగ్గర అడ్వాన్సు తీసుకోవాలి. దాన్ని సలఫ్ అంటారు. చలికాలం పని లేనప్పుడు మళ్ళీ ఇంకొక అడ్వాన్సు, తిస్‌కామ్. నోఖదా వర్తకుడి దగ్గర అప్పు, వర్తకుడు తన పైవాడి దగ్గర. పద్దు నోఖదా చేతిలో. దిగేవాడికి చదువు రాదు. ముత్యం ఎంతకి అమ్మారో కూడా వాడికి తెలియదు. సీజను అయ్యేసరికి వాటా పోగా ఇంకా బాకీ. ఆ బాకీ తీరేదాకా ఇంకొకరి పడవెక్కడానికి లేదు. తగాదా వస్తే తీర్చే పంచాయితీలో కూర్చునేదీ నోఖదాలే.

మనిషి చనిపోతే? కొడుకు ఎక్కుతాడు పడవ, తండ్రి పద్దు మీద.

బహ్రెయిన్‌లో 1923 ప్రాంతాల నుంచి బ్రిటిష్ అధికారి డేలీ కొన్ని సంస్కరణలు పెట్టాడు. ప్రతి మనిషికీ పద్దు పుస్తకం ఇవ్వాలి, అడ్వాన్సుకి హద్దు ఉండాలి అన్నాడు. 1932లో బజారు పడిపోయి అడ్వాన్సు తగ్గించేసరికి దిగేవాళ్ళే తిరగబడ్డారు. అప్పు వద్దని కాదు, అప్పు చాలదని. ఆ మాట చదివినప్పుడు నాకు అర్థమైంది. ఇంట్లో బియ్యం లేనివాడికి వడ్డీ లెక్క తర్వాత సంగతి.

మా నాయన 1979లో జుబైల్ వచ్చాడు. మాది జగిత్యాల దగ్గర పల్లె. 1975లో జుబైల్ పారిశ్రామిక నగరం కట్టడానికి రాయల్ కమిషన్ ఏర్పడింది, ఆ పనులకి మన వైపు నుంచి వేలమంది వచ్చారు. నాయన ఊళ్ళో షావుకారు దగ్గర నూటికి మూడు రూపాయల వడ్డీకి నోటు రాసి ఏజెంటుకి కట్టాడు. ఏజెంటు చెప్పింది ఎలక్ట్రీషియన్ పని, ఇక్కడ దొరికింది ఇటుకలు మోసే పని. చెప్పిన జీతంలో సగం. ఒకసారి సెలవుకి వచ్చినప్పుడు పత్తర్‌గట్టిలో అమ్మకి ముత్యాల కమ్మలు కొన్నాడు. ఆ ధరకి అవి పెంపకం ముత్యాలే అయ్యుంటాయి. ముత్యాల సముద్రం ఒడ్డున ఇటుకలు మోసి, ఇంటికెళ్ళి హైదరాబాద్ ముత్యాలని కొన్నాడు. ఆయనకి తెలియదు, అప్పుడు నాకూ తెలియదు.

1984లో నడుం పడిపోయి ఇంటికొచ్చేశాడు. వడ్డీ మీద వడ్డీ నడుస్తూనే ఉంది. 1993లో నాకు వీసా వచ్చింది. బయల్దేరే ముందు రోజు షావుకారు అరుగు మీద పాత నోటు చింపి నా పేరు మీద కొత్త నోటు రాశారు. నాయన పక్కనే కూర్చుని చేతుల వైపు చూసుకుంటున్నాడు. నేను సంతకం పెట్టాను. ఆయన వేలిముద్ర, నాది సంతకం, అంతే తేడా. తీరడానికి ఆరేళ్ళు పట్టింది.

ఇదంతా దారీన్ రేవులో మా అమ్మాయికి చెప్పాను. అప్పటిదాకా చెప్పలేదు. ఆమె చదువు ఆ నోటు తీరాకే మొదలైంది కాబట్టి చెప్పాల్సిన అవసరం రాలేదు. కాసేపు ఏమీ అనలేదు. తర్వాత, "కాలిమ్నోస్‌లో కూడా స్పాంజీల పడవలెక్కే ముందు డబ్బు చేతిలో పెట్టేవాళ్ళట నాన్నా. ప్లాతికా అని పేరు. మునిగేవాడు తిరిగొస్తాడో రాడో అని ముందే ఇచ్చేవాళ్ళట" అంది. 1860ల నుంచి అక్కడ రాగి టోపీల డైవింగ్ సూట్లు వచ్చాయి, ఎక్కువ లోతుకి పంపారు, ఎంతోమంది కాళ్ళు చచ్చుబడి ఒడ్డుకి వచ్చారు. ఆ మ్యూజియంలో వాళ్ళ ఫోటోలు చూసిందట.

మా మాటలు విని పక్క పడవ మీంచి ఒకాయన, "తెలుగోళ్ళేటండీ?" అన్నాడు.

నలభై ఏళ్ళుంటాయి. శ్రీకాకుళం జిల్లా, బారువ వైపు. ఆ రేవులో పడవల మీద ఎక్కువమంది కన్యాకుమారి వైపు తమిళులు, బంగ్లాదేశీలు. తెలుగువాళ్ళు తక్కువట. మా అమ్మాయిని "సెల్లీ" అన్నాడు, నన్ను "బాబూ" అన్నాడు. అంతకుముందు గుజరాత్‌లో వీరావల్ బోట్ల మీద చేశాడు. 2018 నవంబరులో శ్రీకాకుళం జాలర్లని పాకిస్తాన్ వాళ్ళు పట్టుకుపోయి 2020 జనవరిలో వదిలారు, మీకు గుర్తుండే ఉంటుంది. వాళ్ళూ వీరావల్ నుంచి వేటకెళ్ళినవాళ్ళే. ఆ భయంతో ఇంట్లోవాళ్ళు గుజరాత్ వద్దన్నారట, ఇటొచ్చాడు.

జీతం ఎంత అని అడిగాను. "జీతం నేదండీ. డీజిలు, ఐసు తీసేసి మిగిలిందాంట్లో వాటా" అన్నాడు.

నేను, మా అమ్మాయి ఒకరి మొహం ఒకరం చూసుకున్నాం.

వీసాకి లక్షన్నర అయిందట, అదీ మూడు రూపాయల వడ్డీకే. ఎన్నాళ్ళలో తీరుతుందంటే, "రొయ్యల సీజన్ బాగుంటే రెండేళ్ళు" అన్నాడు. ఇక్కడ రొయ్యల వేట ఆగస్టు 1న మొదలై జనవరి చివరిదాకా ఉంటుంది, తర్వాత ఆరు నెలలు నిషేధం. ఆ ఆరు నెలలూ బుట్టల మీద పట్టిన చేపలే దిక్కు. పద్దు ఎవరు రాస్తారని అడిగాను. జేబులోంచి చిన్న నోటుబుక్కు తీసి చూపించాడు. తారీకు, ఎన్ని కిలోలు, ఎంతకి అమ్మారు, అన్నీ గుండ్రటి తెలుగు అక్షరాల్లో. "ఇది నా లెక్కండి. ఓనరు లెక్క ఓనరికుంటాది. నెలాఖరికి రెండూ పక్కన ఎట్టి సూసుకుంటాం" అన్నాడు. తేడా వస్తుందా అంటే నవ్వాడు. "ఒకసారి వచ్చింది. నాదే తప్పు, ఒక రోజు రాయడం మర్సిపోనాను."

కనాద్ చేప ఒకటి తీసి సంచిలో వేసిచ్చాడు. మన వంజరమే. వాళ్ళ వైపు కోనెం అంటారట. డబ్బు తీసుకోనన్నాడు. మా అమ్మాయి ఊరుకోలేదు, ఇరవై రియాళ్ళు ఆయన నోటుబుక్కులో పెట్టి మూసేసింది. నేను నా నంబరు ఇచ్చి, అప్పు తీరిన రోజు ఫోన్ చేయమన్నాను. "తప్పకుండా బాబూ" అని ఆ నంబరు కూడా ఆ పద్దు వెనక పేజీలో రాసుకున్నాడు.

ఆ రాత్రి ఆ చేపని మా ఆవిడ చింతపండు పులుసు పెట్టింది. మనవడు ముళ్ళకి భయపడి తినలేదు. అమ్మాయి డాలస్ వెళ్ళాక నెలకోసారి అడుగుతోంది, ఆయన ఫోన్ చేశాడా అని. ఈసారి రొయ్యల సీజన్ ఎలా ఉందో రేవుకెళ్ళి కనుక్కోవాలి. ఇంకా ఫోన్ రాలేదు.